ఆరో తరగతిలో చేర్చే ముందు టీకా కార్డు ఒకసారి చూడండి

మా అమ్మాయిని ఆరో తరగతిలో చేర్చడానికి నింపిన దరఖాస్తులో రక్తం గ్రూపుకు గడి ఉంది, బస్సు రూటుకు గడి ఉంది, టీకాలకు మాత్రం లేదు. జనన ధ్రువీకరణ పత్రం, ఆధార్, టీసీ అడిగారు గానీ టీకా కార్డు ఊసే ఎత్తలేదు. టెక్సాస్‌లో ఉంటున్న మా అన్నయ్య కూతురు ఏడో తరగతిలో చేరేటప్పుడు మాత్రం టీడాప్ (ధనుర్వాతం, కంఠసర్పి అనే డిఫ్తీరియా, కోరింత దగ్గులకు కలిపి వేసే టీకా), మెనింజైటిస్ (మెదడు పొరల వాపు) టీకాలు వేయించుకున్నట్టు పత్రం చూపించవలసి వచ్చింది. అక్కడ అది రాష్ట్ర నిబంధన.

మన దగ్గర కూడా టీకా లేని పిల్లలను గేటు దగ్గరి నుంచే తిప్పి పంపాలని నేను అనడం లేదు. టీకా వేయించుకోవాలని ఎవరినీ బలవంతపెట్టరాదని 2022 మేలో సుప్రీంకోర్టు కోవిడ్ టీకాల కేసులో చెప్పింది, అది సబబే. అయితే బలవంతపెట్టడం వేరు, అడగడం వేరు. బడి అడిగితే తల్లిదండ్రులు బీరువాలోంచి ఆ కార్డును తీస్తారు. తీస్తేనే ఐదేళ్ల తర్వాతి గడులు ఖాళీగా ఉన్నాయని తెలుస్తుంది.

ఆ ఖాళీలలో ముఖ్యమైనది పదేళ్లకు వేయవలసిన టీడీ అనే టీకా. పసితనంలో ఐదు జబ్బులను అడ్డుకునే పెంటావలెంట్ మూడు డోసులు, ఏడాదిన్నర ప్రాంతంలో రక్షణను మళ్లీ పెంచే ఒక డీపీటీ (కంఠసర్పి, కోరింత దగ్గు, ధనుర్వాతం టీకా) బూస్టర్, ఐదారేళ్లకు మరొకటి వేయించినా, కంఠసర్పి నుంచి అవి ఇచ్చే రక్షణ ఏళ్లు గడిచేకొద్దీ తగ్గిపోతుంది. అందుకే జాతీయ టీకాల పట్టికలో పదేళ్లకు, పదహారేళ్లకు ఇదివరకు ఉన్న, ధనుర్వాతాన్ని మాత్రమే అడ్డుకునే టీటీ స్థానంలో ధనుర్వాతంతో పాటు కంఠసర్పిని కూడా అడ్డుకునే టీడీని చేర్చారు. కంఠసర్పి సోకితే గొంతులో బూడిదరంగు పొర కట్టి ఊపిరి ఆడదు. ఆ సూక్ష్మజీవి వదిలే విషం గుండె కండరాన్ని సైతం దెబ్బతీస్తుంది. ఎప్పుడో పోయిన జబ్బు కదా అనుకునేవారికి ఒక్కటే చెబుతాను: హైదరాబాద్ నల్లకుంట ఫీవర్ ఆసుపత్రి వైద్యులు బడి ఈడు పిల్లల్లో దీనిని కళ్లారా చూసినవారే. టీకాల తయారీకి ప్రపంచమంతటా పేరున్న, హైదరాబాద్ శివార్లలోని జీనోమ్ వ్యాలీని పక్కనే పెట్టుకుని, మన పిల్లలకు ఈ ఒక్క సూది తప్పిపోవడం నాకు బాధ కలిగిస్తుంది.

ప్రభుత్వ బడుల్లో ఐదో తరగతి, పదో తరగతి పిల్లలకు ఆరోగ్య సిబ్బందే వచ్చి టీడీ వేసే ఏర్పాటు ఉంది. ప్రైవేటు బడుల పిల్లలే ఎక్కువగా తప్పిపోతున్నారని నా అభిప్రాయం. ఐదేళ్లు దాటాక జ్వరమో దగ్గో వస్తే తప్ప మనం పిల్లల డాక్టరు గడప తొక్కము. వెళ్లినా ఆ జ్వరం గురించే మాట్లాడి వచ్చేస్తాము.

మేము మా బస్తీ దగ్గరి పట్టణ ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి వెళ్లాము. అక్కడి ఏఎన్ఎం (ఆరోగ్య కార్యకర్త) ఐస్ డబ్బాలోంచి సీసా తీసి, దాని మీద పెన్నుతో రాసి ఉన్న తేదీని మాకు చూపించారు. ఒకసారి తెరిచిన టీడీ సీసాను సరిగ్గా చల్లగా ఉంచితే ఇరవై ఎనిమిది రోజుల వరకు వాడవచ్చని, అది దాటితే పారేస్తామని చెప్పి, భుజం కింద అర మిల్లీలీటరు వేసి, అరగంట కూర్చోమన్నారు. పైసా ఖర్చు కాలేదు. చెయ్యి రెండు రోజులు నొప్పి పెట్టింది, అంతే.

ఆడపిల్లలు ఉన్నవారు ఇదే వయసులో హెచ్‌పీవీ టీకా గురించి కూడా పిల్లల డాక్టరును అడగాలి. గర్భాశయ ముఖద్వార క్యాన్సర్‌ను అడ్డుకునే ఈ టీకా తొమ్మిది నుంచి పద్నాలుగేళ్ల మధ్య వేయించడం మేలు. 2009లో ఖమ్మం జిల్లాలో ఈ టీకా ఇచ్చినప్పుడు హాస్టల్ బాలికల తల్లిదండ్రులకు బదులు వార్డెన్ల చేత సంతకాలు పెట్టించారన్న విమర్శ వచ్చింది. మరుసటి ఏడాది ఆ కార్యక్రమాన్ని ఆపివేశారు. అక్కడి బాలికల మరణాలకు టీకాయే కారణమని విచారణలో తేలకపోయినా, అనుమానం మాత్రం జనంలో మిగిలిపోయింది. కాబట్టి బడులు ఏ టీకా గురించి అడిగినా తల్లిదండ్రులకు ముందుగా వివరించి, రాతపూర్వకంగా అంగీకారం తీసుకున్నాకే ముందుకు వెళ్లాలి.

కార్డు పోయినవారు సంకోచించనక్కర లేదు. పిల్లలు పుట్టిన ఆసుపత్రిలోనో, టీకాలు వేసిన క్లినిక్‌లోనో రికార్డు ఉందేమో ముందు అడగండి. దొరక్కపోతే ఆ మాటే డాక్టరుకు చెప్పండి. రాతలో లేని డోసును వేయనట్టే లెక్కగట్టి, ఏవి మళ్లీ వేయాలో, ఎంత ఎడంతో వేయాలో వారే నిర్ణయించి కొత్త కార్డు మీద రాసిస్తారు.