కమాండర్ జేబులో రెండో ఫోను

దక్షిణ సూడాన్ రాజధాని జూబాలో, ఐక్యరాజ్యసమితి దళాల ప్రధాన కార్యాలయంలో నేను పనిచేసిన విభాగాన్ని యు-5 అంటారు. అంటే ప్రణాళికలు. యు-1 సిబ్బంది వ్యవహారాలు, యు-2 సమాచార సేకరణ, యు-3 రోజువారీ కార్యకలాపాలు, యు-4 సరఫరాలు. ఏ దేశపు సైనికాధికారి అయినా ఈ అంకెలు చూసి తాను ఏ గది తలుపు తట్టాలో చెప్పేయగలడు. ఒంటి మీద ఎవరి దేశపు యూనిఫారం వారిది, తల మీద మాత్రం అందరికీ ఒకటే లేత నీలం టోపీ. భారత సైన్యం నుంచి ఏడాది పనికి వెళ్ళిన నేను ఆ టోపీ పెట్టుకున్న రెండో వారంలోనే తప్పు చేశాను.

ఒక గస్తీ దళాన్ని హెలికాప్టర్‌లో మారుమూల పల్లెకు పంపాలి. పాత ఆదేశం ఒకటి ముందు పెట్టుకుని కొత్తది రాస్తూ, 0600 పక్కన ఉన్న జడ్ అక్షరాన్ని అలాగే వదిలేశాను. సైనిక భాషలో జడ్ అంటే గ్రీనిచ్ సమయం, జూబా సమయానికి గుర్తు బి. 2021 ఫిబ్రవరిలో ఆ దేశం తన గడియారాన్ని గంట వెనక్కి తిప్పుకునే దాకా అది సి. విమానాలు చూసేవారు నా అక్షరాన్ని నమ్మి హెలికాప్టర్‌ను ఎనిమిదింటికి సిద్ధం చేశారు. సైనికులు అంకెను నమ్మి ఆరింటికే మూటాముల్లెతో హెలిప్యాడ్ దగ్గర బారులు తీరారు. ఆ దళం కమాండర్ నన్ను ఒక్క మాట కూడా అనలేదు. మర్నాడు సమావేశంలో నా ఎదురుగా కూర్చుని, చేతి గడియారం విప్పి బల్ల మీద నా వైపు తిప్పి పెట్టాడు. సమావేశం అయ్యేంతవరకూ దాన్ని తీయలేదు.

సొంత సైన్యంలో సగం ఆదేశం చెప్పకుండానే అర్థమవుతుంది. ఒకే అకాడమీ, అవే పాఠాలు, అవే తిట్లు. ఇక్కడ ఆ సగం ఉండదు. 'ఆ పల్లెను భద్రపరచండి' అని ఆంగ్లంలో రాస్తే ఒక బెటాలియన్ ఊరి బయట కాపలా పెడుతుంది, ఇంకొకటి ఊళ్ళోకి వెళ్ళి ఇల్లిల్లూ సోదా చేయాలేమో అనుకుంటుంది. ఎవరిదీ తప్పు కాదు, రాసినవాడిదే. అందుకే ఆదేశం ఇచ్చాక దాన్ని కమాండర్ చేత తన సొంత మాటల్లో తిరిగి చెప్పించుకుంటాం. కొత్తలో అది లాంఛనం అనుకున్నాను. తరవాత తెలిసింది, నా రాతలో దాగిన తప్పులన్నీ బయటపడేది అక్కడే అని.

ఆదేశంలో అయిదు పేరాలుంటాయి: పరిస్థితి, లక్ష్యం, అమలు, సరఫరా, ఆఖరున కమాండ్, సిగ్నల్. అందరూ మూడోదాని మీద గంటలు గంటలు వాదిస్తారు. ఎవరి మాట ఎవరు వినాలో తేల్చే అయిదోదాన్ని మాత్రం గబగబా చదివేస్తారు. అది తేలకపోతే ఏమవుతుందో జూబాకు బాగా తెలుసు. 2016 జూలైలో నగరంలో పోరు మొదలైనప్పుడు సమితి ప్రధాన స్థావరంలో చైనా, ఇథియోపియా, నేపాల్, భారత్ దళాలు ఉన్నాయి. పదాతి సైనికులే 1,800 మందికి పైగా. డచ్ మేజర్ జనరల్‌గా పనిచేసి రిటైరైన పాట్రిక్ కామర్ట్ నాయకత్వంలో జరిగిన విచారణ తేల్చింది ఏమిటంటే, ఆ నాలుగు దళాలూ ఒకే కమాండ్ కింద నడవలేదు, వాటికి అందిన ఆదేశాల్లో కొన్ని ఒకదానికొకటి పొసగలేదు. కెన్యాకు చెందిన ఫోర్స్ కమాండర్‌ను తొలగించారు. ఆ కోపంతో కెన్యా తన సైనికులను వెనక్కి పిలిపించుకుంది. ఆ నివేదిక సారాంశం చదివిన రోజు నుంచి నేను ఆదేశం రాయడం అయిదో పేరాతోనే మొదలుపెట్టాను.

పేరా ఎంత బాగా రాసినా దానికి లొంగని సంగతి ఇంకొకటుంది. ప్రతి దళం కమాండర్ జేబులో రెండో ఫోను ఉంటుంది. ఒక ఫోను మాకోసం, రెండోది తన రాజధాని కోసం. సైనికులను ఎక్కడ, ఏ పనికి వాడాలో చెప్పే అధికారం మాత్రమే దేశాలు సమితికి ఇస్తాయి. క్రమశిక్షణ, పదోన్నతి, శిక్ష అన్నీ స్వదేశం చేతిలోనే. పైగా కొన్ని దేశాలు ఫలానా పని చేయం అని షరతులు పెడతాయి. కాగితం మీద ఉన్న షరతుతో పేచీ లేదు, దాన్ని చూసుకునే ప్రణాళిక వేస్తాం. కాగితం మీద లేనివే ప్రాణం తీస్తాయి. 'రేపు చెబుతాను' అని ఒక కల్నల్ అన్నాడంటే ఆ రాత్రి వేల కిలోమీటర్ల దూరంలో ఎవరినో నిద్రలేపి అడగబోతున్నాడని అర్థం. మొదట్లో నాకు ఒళ్ళు మండేది. నిజానికి మా భారత దళం కమాండర్ చేసేదీ అదే.

ఇక హెలికాప్టర్ సంగతి. మూడు నక్షత్రాల జనరల్ అయినా దాన్ని తనంతట తాను కదిలించలేడు. అది పౌర అధికారుల కింద ఉంటుంది, ఎగరాలంటే దారిలో కాల్పులు జరగవన్న హామీ స్థానిక సైన్యం నుంచి రావాలి. వానాకాలంలో మరో దిక్కు లేదు. నల్లరేగడి నానితే కవచ వాహనాలు ఇరుసుల దాకా దిగబడతాయి, నా గోడ మీది పటంలో సగం దారులు నెలల తరబడి ఉత్త గీతలు. వీటికి తోడు 10-1-2 నియమం: గాయపడిన మనిషికి 10 నిమిషాల్లో ప్రథమ చికిత్స, గంటలో అత్యవసర వైద్యం, 2 గంటల్లో శస్త్రచికిత్స. గస్తీ ఎంత దూరం వెళ్ళాలో చాలాసార్లు తేల్చేది శత్రువు కాదు, ఆపరేషన్ బల్ల ఎక్కడుందన్న లెక్క.

ఈ లెక్కలన్నీ సరిపోయిన ఒక ప్రణాళిక నా ఏడాది చివర్లో కుదిరింది. పశువులను ఎత్తుకుపోయే ముఠాల దాడులకు భయపడి ఖాళీ అవుతున్న పల్లెలో నాలుగు రోజుల గస్తీ, రెండు రాత్రులు పల్లె చుట్టూ తిరగాలి. హెలికాప్టర్ దొరికింది, హామీ వచ్చింది, వైద్యబృందం కుదిరింది. వెళ్ళాల్సినది గడియారం కమాండర్ దళమే. ఆదేశాన్ని తన మాటల్లో తిరిగి చెప్పాడు, అక్షరం పొల్లు పోలేదు. రాత్రి గస్తీ దగ్గరికి వచ్చేసరికి ఆగి, 'ఒక్క నిమిషం' అంటూ వరండాలోకి వెళ్ళాడు. అద్దంలోంచి చూస్తే ఎడమ చేతిలో ఫోను, కుడి చెయ్యి గాలిలో ఏదో వాదిస్తోంది. వాదిస్తున్నది మా తరఫునే అని ఆ చెయ్యి ఊగే తీరు చూస్తే తెలుస్తోంది. ఇరవై నిమిషాల తరవాత లోపలికి వచ్చాడు.

'రెండు రాత్రులకు ఒప్పుకోలేదు. ఒక్కటి ఇచ్చారు' అన్నాడు.

నిన్నటిదాకా ఆ దళం చీకటి పడ్డాక గేటు దాటింది లేదు. అమలు పేరా మొత్తం కొట్టేసి మళ్ళీ రాయడం మొదలుపెట్టాను. ఏ రాత్రి అన్నది అతనే ఎంచుకున్నాడు, మూడోది. 0600 పక్కన బి పెట్టాను. అతను నా భుజం మీదుగా వంగి ఆ అక్షరాన్ని చూసుకున్నాక, సంతకం కోసం కాగితం యు-3 గదికి పట్టుకెళ్ళాను.