నాలుగు సిలిండర్ల చప్పుడు

పాలమూరులో కొండలకు కొదవ లేదు. కొండల్లోకి రైలే లేదు. అచ్చంపేట దాటి మన్ననూరు పోతే నల్లమల మొదలవుతుంది కానీ అక్కడికి బస్సే దిక్కు. మా రైలు మాత్రం మహబూబ్‌నగర్ నుంచి దేవరకద్ర, వనపర్తి రోడ్, గద్వాల మీదుగా చెలకల మధ్య తలవంచుకుని పోతుంది. దారిలో చూడదగ్గది కృష్ణ మీది వంతెన ఒక్కటే. రైలు పిచ్చి ఉన్నవాడికి ఇది ఏం సరిపోతుంది?

నాకు ఆ పిచ్చి అంటించింది మా మేనమామ. గద్వాలలో ఉంటాడు. ఆవిరి ఇంజన్ల మీద బొగ్గేసే ఫైర్‌మన్‌గా చేరి, తర్వాత డీజిల్‌కు మారి, రిటైరయ్యాడు. ఆయన చేరినప్పుడు మా లైను మీటర్ గేజ్, అంటే చిన్నలైను. నిజాం జమానాలో వేసిన ఆ పట్టాలను 1990లలో తీసేసి బ్రాడ్ గేజ్ వేశారు. ఆ చిన్నలైను బండి గురించి నాకు గుర్తున్నది ఒక్కటే. కిటికీలోంచి తల బయట పెడితే కంట్లో బొగ్గు నలుసు పడింది. అమ్మ కొంగును ఉండచుట్టి, నోటితో ఊది వెచ్చచేసి కంటికి అద్దింది.

"మామా, మీటర్ గేజ్ మీద ఆవిరి ఇంజన్ ఇంకా నడుస్తోంది. పోదామా?" అని అడిగాను.

"ఏడ?"

"ఊటీకి."

"చలి పెడ్తది అల్లుడా, నేను రాను" అన్నాడు. ఫోన్‌లో వీడియో పెట్టి ఇచ్చాను. సౌండ్ పెంచమన్నాడు. బొమ్మ చూడకుండా కళ్ళు మూసుకుని విన్నాడు. "ఇది వైపీ కాదు, వైజీ కాదు. చప్పుడు వేరే ఉన్నది" అన్నాడు. వైపీ, వైజీ అంటే ఆయన బొగ్గేసిన మీటర్ గేజ్ ఇంజన్లు. ఆ మాటతో ప్రయాణం ఖాయమైపోయింది.

మొదటిసారి నవంబరుకు బుక్ చేశాను. అది నా తెలివితక్కువతనం. మన దగ్గర వానలు వెనకపట్టు పట్టే రోజుల్లోనే నీలగిరుల్లో దంచికొడతాయి. పట్టాల మీద మట్టి, బండరాళ్ళు పడి బండి రద్దయింది. మళ్ళీ ఫిబ్రవరికి చేశాను. ఆ బండికి ఉన్నవే కొన్ని బోగీలు, ఎక్కాలనుకునేవాళ్ళు దేశమంతా. రిజర్వేషన్ తెరిచిన రోజు పొద్దున్నే ఫోన్ పట్టుకుని కూర్చుంటే తప్ప సీట్లు దొరకలేదు.

సాయంత్రం నేను మహబూబ్‌నగర్‌లో ఎక్కాను. మామ గద్వాలలో ఎక్కాడు, జొన్నరొట్టెలు, పల్లిపొడి మూట కట్టుకుని. పొద్దున బెంగళూరులో దిగి, కోయంబత్తూరు పోయి, అక్కణ్ణుంచి మెట్టుపాళయం చేరేసరికి చీకటి పడింది. స్టేషన్ దగ్గరే లాడ్జి. అక్కడి దోమల గురించి తప్ప ఇంకేం చెప్పుకోవాల్సింది లేదు.

బండి 7 గంటల 10 నిమిషాలకు. మామ అయిదున్నరకే ప్లాట్‌ఫారం మీద ఉన్నాడు. చెన్నై నుంచి వచ్చిన నీలగిరి ఎక్స్‌ప్రెస్ దిగినవాళ్ళు సంచులతో, పిల్లలతో పరుగెత్తుకొస్తున్నారు. నీలం, మీగడ రంగుల చెక్క బోగీల ముందు నిలబడి అందరూ ఫొటోలు దిగుతుంటే ఈయన మాత్రం వంగి పట్టాలను చూస్తున్నాడు. "టాయ్ ట్రైన్ ఎక్కే ముందు టీ తాగుదామా?" అన్నాను. ఆయనకు కోపమొచ్చింది. "బొమ్మబండి ఏందిరా? గద్వాల పాసింజర్ గూడ ఇంతే పట్టా మీద ఉరికింది." నిజమే. ఇదీ మీటర్ గేజే, రెండు పట్టాల మధ్య సరిగ్గా మీటరు. డార్జిలింగ్ బండికి ఉన్నది అంతకంటే చిన్న పట్టా. ఆ పేరు దానికి సరిపోతుందేమో, దీనికి పెట్టడం అన్యాయమని నాకూ అనిపించింది.

ఇంజన్ ముందు లేదు. వెనక ఉంది. లాగడం కాదు, కింద నుంచి బోగీలను కొండ మీదికి తోస్తుంది. ఎందుకో నేను చెప్పబోతుంటే మామే అందుకున్నాడు. "కప్లింగ్ తెగిందనుకో, బోగీలు ఎనకకు జారుతయి. కింద ఇంజన్ ఉంటే దానికి ఆనుకొని ఆగుతయి. మంచిగనే చేసిండ్రు." ఆయన మనసు కష్టపడింది ఒక్క దగ్గరే. ఆ రోజు మా బండికి కట్టింది ఆయిల్‌తో మండే ఇంజన్. బొగ్గు లేదు, పార లేదు. "పార లేని ఫైర్‌మన్!" అని గొణిగాడు. అయినా పోయి డ్రైవర్‌తో మాటలు పెట్టుకున్నాడు. మామకు తమిళం రాదు, ఆయనకు తెలుగు రాదు. ఇంజెక్టర్, ప్రెజర్, బాయిలర్, స్లిప్ అనే నాలుగు మాటలతో పది నిమిషాలు గడిపేశారు. ఈల వేశాకే మామ వచ్చి సీట్లో కూర్చున్నాడు.

మొదటి ఏడెనిమిది కిలోమీటర్లు చదునే. పోక తోటలు, కొబ్బరి చెట్లు. కల్లార్ దగ్గర అసలు కథ మొదలవుతుంది. అక్కణ్ణుంచి కూనూరు దాకా, దాదాపు 20 కిలోమీటర్లు, రెండు పట్టాల నడుమ పళ్ళున్న ఇనుప కడ్డీలు జంటగా ఉంటాయి. ఒకదాని పన్నుకు ఎదురుగా రెండోదాని సందు వచ్చేటట్టు వేశారు. ఇంజన్ కింద ఉన్న పళ్ళచక్రం ఎప్పుడూ ఏదో ఒక పన్నును పట్టుకునే ఉంటుంది, జారదు. రోమన్ ఆప్ట్ అనే స్విట్జర్లాండ్ ఇంజనీరు కనిపెట్టిన పద్ధతి ఇది. మన దేశంలో ఇట్లాంటి లైను ఇదొక్కటే. పన్నెండు అడుగులు పోతే అడుగు పైకెక్కే వాలు అది. మామూలు ఇనుప చక్రం ఇనుప పట్టా మీద జారకుండా అంత ఎత్తు ఎక్కడం కష్టం.

బండి నెమ్మదించింది. కింద ఏదో కరకరమంది. మామ నా మోచెయ్యి పట్టుకున్నాడు. "విను."

అంతదాకా చుక్ చుక్ అని జంటగా వినిపించిన ఆవిరి, ఇప్పుడు ముద్దగా, బరువుగా, దగ్గరదగ్గరగా వస్తోంది. ఈ ఎక్స్ క్లాస్ ఇంజన్‌కు నాలుగు సిలిండర్లు. చదునులో కింది రెండే పనిచేసి చక్రాలను తిప్పుతాయి. పళ్ళ పట్టా రాగానే, వాటిలో పనిచేసి బయటికొచ్చే ఆవిరిని వదిలేయకుండా పైనున్న రెండు సిలిండర్లకు పంపుతారు. అవి పళ్ళచక్రాన్ని తిప్పుతాయి. ఇదంతా నేను చదువుకుని పోయాను. మామ చదవలేదు. "ఇంకో రెండు కలిసినయి. గదే, ఫోన్‌ల విన్నది గదే" అన్నాడు. ఆ తర్వాత గంటసేపు మాట లేదు. పక్కన లోయలు, జలపాతాలు పోతున్నాయి. పిల్లలు సొరంగం వచ్చినప్పుడల్లా కేకలు పెడుతున్నారు. ఈయన కిటికీకి చెవి పెట్టి కూర్చున్నాడు.

నేను మాత్రం కళ్ళతోనే తిన్నాను. ఒక పక్క గోడలాంటి బండ, చెయ్యి చాపితే తగిలేటట్టు. ఇంకో పక్క ఏమీ లేదు, కింద ఎక్కడో చెట్ల తలలు. మెట్టుపాళయం నుంచి ఊటీ దాకా 46 కిలోమీటర్లలో 208 మలుపులు, 16 సొరంగాలు, 250 వంతెనలు. సొరంగాలు లెక్కపెడదామని మొదలుపెట్టి హిల్‌గ్రోవ్‌లో వదిలేశాను. అక్కడ ఇంజన్ నీళ్ళు పట్టుకుంటుంటే అందరం దిగాం. ఒక కోతి మా రొట్టెల మూట మీద పడి రెండు పట్టుకుపోయింది. పల్లిపొడి మాత్రం ముట్టలేదు, కారమని ఎట్లా తెలిసిందో.

బోగీ బోగీకీ ఒక బ్రేకు మనిషి ఉంటాడు. బోగీ ముందున్న చిన్న వసారాలో, చేతిలో జెండా, పక్కన బ్రేకు. ముందు బోగీ ఆయన దారి చూసి జెండా ఊపితే వెనకవాళ్ళు అందుకుంటారు. ఎక్కడో తోకలో ఉన్న డ్రైవర్‌కు ముందు దారి కనబడదు కదా. మామ హిల్‌గ్రోవ్‌లో ఆ బ్రేకు చక్రాన్ని పట్టి చూసి, తల ఊపాడు.

కూనూరులో ఆవిరి ఇంజన్ తప్పుకుంది, డీజిల్ వచ్చింది. లైను 1899లో ఇక్కడి దాకానే వేశారు. ఊటీ చేరింది 1908లో. మామకు యాత్ర కూనూరులోనే అయిపోయింది. లోకో షెడ్డు వైపు మెడ సాచి చూసినంతసేపు చూసి, బండి కదలగానే కునుకు తీశాడు. కేట్టి లోయ, తేయాకు తోటలు, యూకలిప్టస్ అడవి, జనం డబ్బు పెట్టి చూడ్డానికి వచ్చేవన్నీ ఆయన నిద్రలోనే పోయాయి. నేను లేపలేదు. ఊటీలో, 2,200 మీటర్ల ఎత్తున, దిగుతూనే వణికాడు. స్టేషన్ బయట ఒక మంకీ క్యాప్ కొనిచ్చాను. చెరువు, తోట చూద్దామంటే "అవి మన పిల్లలమర్రి కాడ లేవా?" అన్నాడు. పాలమూరులోని ఆ పెద్ద మర్రిచెట్టుకూ ఊటీకీ పోలికే లేదు. వాదించలేదు.

మధ్యాహ్నం దిగే బండికి మాకు సీట్లు దొరకలేదు. బస్సులో కిందికొచ్చాం. బస్సు మలుపు తిరిగినప్పుడల్లా మామ ఆ రైలు పట్టా ఎక్కడన్నా కనబడుతుందేమోనని వెతికాడు.

తిరుగుబండి గద్వాలలో నడిరాత్రి ఆగింది. మామ సంచి భుజానేసుకుని తలుపు దగ్గరికి పోయి ఆగాడు.

"ఎక్కుడు చూసినం గానీ దిగుడు చూడలే. ఆ బ్రేకులోళ్ళు దిగేటప్పుడు ఏం చేస్తరో చూడాలె. ఈసారి ఊటీ నుంచి కిందికి బుక్ చెయ్యి."

"మరి చలి?"

"టోపీ ఉన్నది గద" అని దిగిపోయాడు.