అవ్వ కండువా

మా అవ్వ పోయి ఈరోజుకి పదకొండు రోజులు. 84 ఏళ్లు. అమ్మనీ ముగ్గురు మామల్నీ సాకడం ఒక ఎత్తు, తాతకి పక్షవాతం వచ్చాక చేసిన చాకిరీ ఇంకో ఎత్తు. సంగటి చిన్న చిన్న ముద్దలు చేసి నోట్లో పెట్టేది. ఆయన విసుక్కున్నా నవ్వేది. నాకైతే ఒళ్లు మండేది.

తాత పోయాక ఇంట్లో కూర్చోలేక కొండకి సేవకి పోయింది. 2000లో శ్రీవారి సేవ మొదలైన కొత్తలో. కూరగాయలు తరిగే చోట వేశారు. గుట్టలుగా గుమ్మడికాయలు చూసి, "మనింట్లో పెళ్లి అనుకుంటే సరి" అందట. వేలు తెగితే పసుపు అద్దుకుని మళ్లీ కూర్చుందట.

ఓపిక తగ్గాక అలిపిరికి మజ్జిగ క్యాను తీసుకెళ్లేది. 3550 మెట్లు ఎక్కబోయేవాళ్లకి గ్లాసు అందించి, "మెల్లిగా పొండి నాయనా" అనేది. ఇంట్లో మాతో మాత్రం ఎప్పుడూ మెల్లిగా మాట్లాడింది లేదు, అన్నీ అరుపులే!

నిన్న అమ్మ ట్రంకు పెట్టె తెరిచింది. పట్టుచీరల పైన సేవ కండువా, నాలుగు మడతలు, కర్పూరం వాసన. ఒక మూలన ముడి. లోపల పది రూపాయల బిళ్ళ ఉన్నట్టుంది. ఎవ్వరం విప్పలేదు.