స్టాక్‌లో మూడో స్విచ్ కలిపిన రాత్రి

తెల్లవారుజామున ఇంటికొచ్చాను. నిద్ర పట్టక రాస్తున్నాను.

మాదాపూర్‌లో మా ఆఫీసులో కంప్యూటర్లను నెట్‌వర్క్‌కి కలిపే రెండు సిస్కో కాటలిస్ట్ 9300 స్విచ్‌లు ఒకే స్టాక్‌గా, అంటే కేబుళ్లతో కలిపి ఒకే స్విచ్‌లా, నడుస్తున్నాయి. సీట్లు పెరిగాయి, మూడోది కలపాలి. ఇంకో బ్రాంచిలో వాడి పక్కన పెట్టినదాన్ని ఏఎమ్‌సీ (ఏడాది మెయింటెనెన్స్ కాంట్రాక్టు) ఇంజనీరు తెచ్చి, "మొత్తం ఎరేజ్ చేశాం సార్, కొత్తదే అనుకోండి" అన్నాడు. సాఫ్ట్‌వేర్ వెర్షన్ సరిచూడటం, ర్యాక్‌లో బిగించడం గంటలో అయిపోయాయి.

కొత్తది ఆన్‌లో ఉండగానే స్టాక్ కేబుల్ పెట్టాను. కాసేపటికి పాత రెండింటి పోర్టు లైట్లన్నీ ఒక్కసారిగా ఆరిపోయాయి. ఎప్పుడూ మొదటి స్విచ్ మీద పచ్చగా వెలిగే ఏసీటీవీ లైటు (స్టాక్‌ను నడిపిస్తున్న యాక్టివ్ స్విచ్ ఏదో చూపేది) కొత్తదాని మీద వెలుగుతోంది. నైట్ షిఫ్ట్ వాళ్లు "అన్నా, నెట్ పోయింది" అంటూ తలుపు దగ్గరికొచ్చేశారు. మేనేజర్ గారు స్పీకర్‌లో, వాళ్లందరూ వింటుండగా, "పని తెలిసినవాళ్లని పిలవమంటావా?" అన్నారు. ఎనిమిదేళ్లుగా ఇదే పని చేస్తున్నాను. నోట మాట రాలేదు.

ఆన్‌లో ఉన్న స్విచ్‌ను నడుస్తున్న స్టాక్‌కి తగిలిస్తే, రెండు వైపులా ఉన్న యాక్టివ్ స్విచ్‌లు పోటీ పడతాయి. ప్రయారిటీ (ప్రాధాన్యత) నంబరు ఎక్కువున్నది గెలుస్తుంది. ఓడినవైపు స్విచ్‌లన్నీ రీలోడ్ (రీస్టార్ట్) అయి గెలిచినదాని కాన్ఫిగరేషన్ (సెట్టింగులు) తీసుకుంటాయి. మా పాతవాటికి డిఫాల్ట్ ప్రయారిటీ 1 ఉంది. కొత్తదానికి ఆ బ్రాంచిలో పెట్టిన 15 అలాగే ఉంది. 'రైట్ ఎరేజ్' కమాండ్ కొడితే కాన్ఫిగరేషన్ పోతుంది గానీ ప్రయారిటీ, మెంబర్ నంబరు (స్టాక్‌లో ఆ స్విచ్ నంబరు) పోవు. అలా ఏమీ లేని ఖాళీ స్విచ్ గెలిచి మా వీల్యాన్‌లన్నీ (నెట్‌వర్క్‌ను భాగాలుగా విడదీసే సెట్టింగులు) తుడిచేసింది. ఎరేజ్ చేశామని ఎవరు చెప్పినా నమ్మకండి, కన్సోల్ కేబుల్‌తో ల్యాప్‌టాప్ కలిపి 'షో స్విచ్' కొట్టి మీ కళ్లతో చూసుకోండి. ఆ ఒక్క కమాండ్ నేను ముందే కొట్టి ఉంటే ఇదంతా జరిగేది కాదు.

కొత్తదాన్ని ఆపి కేబుళ్లు తీసేశాను. పాతవాటి నంబర్లు కూడా మారిపోయాయి, 1 కాస్తా 3 అయింది. ముందు రీనంబర్ చేసి రీలోడ్ ఇచ్చి, ఆ తర్వాతే బ్యాకప్ ఎక్కించాలి. లేకపోతే పోర్టుల పేర్లు (వాటిలో స్విచ్ నంబరు ఉంటుంది) కలవవు. మధ్యాహ్నం బ్యాకప్ తీసిపెట్టుకోవడమే నన్ను కాపాడింది. పాతవాటికి ప్రయారిటీ 15, 14 ఇచ్చాను. ఒంటిగంటన్నరకు నెట్ వచ్చింది.

తర్వాత కొత్తదాన్ని విడిగా పెట్టి ప్రయారిటీ 1, నంబరు 3 చేసి, పవర్ తీసేసి, కేబుళ్లు రింగ్‌గా కలిపి, చివర్లో పవర్ ఇచ్చాను. కాసేపటికి 'రెడీ' అని వచ్చింది, స్టాక్ రింగ్ 'ఫుల్' చూపించింది.

సోమవారం ఏఎమ్‌సీ వాళ్లతో మీటింగ్. ప్రయారిటీ 15 కనిపిస్తున్న ఆ 'షో స్విచ్' లాగ్ ప్రింట్ తీసుకుని వెళ్తున్నాను.