ముల్లర్ నవ్వూ, నా చలిజ్వరమూ

"ముల్లర్ ఈ అడవిలో విస్కీ తాగుతూ తిరిగాడు. నాలుగు దోమలు కుడితే నీకింత గోలా?" అన్నాడు కంపెనీ డాక్టరు, పారాసిటమాల్ చేతిలో పెడుతూ. అన్నవాడు మర్చిపోయే ఉంటాడు.

జీగ్‌ఫ్రీడ్ ముల్లర్ హిట్లర్ సైన్యంలో పనిచేసి, 1962లో దక్షిణాఫ్రికా చేరి, 1964లో మైక్ హోర్ కిరాయి దళంలో కాంగోకొచ్చాడు. చొక్కా మీద ఐరన్ క్రాస్ పతకం. ఇప్పటి ఎంబండకా నుంచి చువాపా నది ఒడ్డున ఉన్న బోయెండే దాకా ఊళ్లు పట్టుకుంటూ పోయాడు. మేం సెల్ టవర్ల జనరేటర్లు చూసేదీ ఆ దారిలోనే. అతని నవ్వు లోకానికెక్కింది 1966లో. తూర్పు జర్మనీ వాళ్లు తామెవరో చెప్పకుండా, పెర్నో అనే మద్యం పోస్తూ కెమెరా ముందు మాట్లాడించారు. చంపడాల గురించి నవ్వుతూ చెప్పినవాణ్ణి ఆరోగ్యానికి కొలబద్ద చేయడమేంటి? పైగా అప్పట్లో ఆఫ్రికాలో ప్రాణాలు తీసే ఫాల్సిపారం రకం మలేరియాకి క్లోరోక్విన్ పనిచేసేది. 1970ల చివర్లో తూర్పు ఆఫ్రికాలో ఆ క్రిమి ఈ మందుకి లొంగడం మానేసి, ఖండమంతా పాకింది. ఇవాళ క్లోరోక్విన్ మింగితే సున్నంబిళ్ల మింగినట్టే.

మా డాక్టరు చేసిన మలేరియా కిట్ పరీక్ష నెగెటివ్. ఎండలో జీపులో పడి ఉండే కిట్ అది. 40 డిగ్రీలు దాటితే వాటిని నమ్మకూడదు, కొన్నిటికి 30 డిగ్రీలే హద్దు. కిట్ మంచిదైనా సరే, జ్వరం వదలకపోతే 12 నుంచి 24 గంటలకోసారి రక్తం స్మియర్ (గాజుపలక మీద రక్తపు చుక్క) మైక్రోస్కోపులో మళ్లీ చూడాలి.

జ్వరం వదలక ఆసుపత్రిలో చేరాను. ఆ రాత్రి చలి ఆగి చెమటలు పట్టాయి. జ్వరం దిగిందనుకున్నారంతా. నేను పక్కనున్న రాజోలు కుర్రాణ్ణి "నాన్నా" అని పిలుస్తున్నానట. నర్సమ్మ ఒక్కతే వేలు గుచ్చి షుగర్ చూసింది: 38, ప్రమాదకరంగా తక్కువ. మలేరియా క్రిములు గ్లూకోజు తినేస్తాయి, క్వినైన్ ఎక్కిస్తే ఇంకా పడిపోతుంది. డెక్స్‌ట్రోజ్ (గ్లూకోజు సీసా) ఎక్కాకే మనిషినయ్యాను. ఆ కాంగో తల్లి కాళ్లకి దణ్ణం.

మలేరియా ఇంజెక్షన్ ఆర్టిసునేట్ కలిపిందీ ఆవిడే. 60 మి.గ్రా. పొడిలో ముందు 1 మి.లీ. సోడియం బైకార్బొనేట్, తేటపడేదాకా ఊపాక 5 మి.లీ. సెలైన్. గంటలోపు వాడెయ్యాలి. పెద్దవాళ్లకి కిలోకి 2.4 మి.గ్రా. చొప్పున చేరగానే, 12 గంటలకి, 24 గంటలకి. తేరుకున్నట్టున్నా ఆ మూడూ పడాల్సిందే. మింగగలిగాక మూడు రోజులు ఆర్టిమెథర్-ల్యూమెఫాంట్రిన్ మాత్రలు, పాలతోనో గుడ్డుతోనో. కొవ్వు లేకపోతే ఒంటికి సరిగా పట్టదు.

డిశ్చార్జి రోజు డాక్టరుగారొచ్చి "చూశావా, ఏం కాలేదుగా" అన్నారు! అమ్మ మాత్రం కొండకి ముడుపు కట్టింది, వెళ్లి తీర్చుకొచ్చాం. ఆర్టిసునేట్‌కీ అందులో వాటా ఉందంటే ఒప్పుకోదు. నేనూ గట్టిగా వాదించను.

ఈ ఇంజెక్షన్ పడ్డవాళ్లు నాలుగు వారాలు, వారం వారం హిమోగ్లోబిన్ చూపించుకోండి. ఎర్రకణాలు ఆలస్యంగా పగలొచ్చు. మూత్రం నల్లబడితే ఆ పూటే వెళ్లండి. ఆఫ్రికా నుంచి ఇంటికొచ్చిన కొన్ని నెలల్లో జ్వరమొస్తే, ఏ దేశం నుంచి వచ్చారో ఓపీలో అడక్కముందే చెప్పండి. లేకపోతే టైఫాయిడ్, డెంగ్యూ పరీక్షలతోనే రెండు రోజులు గడిచిపోతాయి.