సౌండ్ ఎక్కువైతే క్వాలిటీ ఎక్కువైనట్టేనా?

గుంటూరు బ్రాడీపేటలో మా బాబాయి గారింట్లో ఆదివారం వస్తే ఒకటే వాదన: పాత క్యాసెట్ డెక్ గొప్పదా, కొత్త డాక్ (DAC, డిజిటల్ పాటను అనలాగ్ సిగ్నల్‌గా మార్చే పెట్టె) గొప్పదా? ఆంప్లిఫయర్ సెలెక్టర్ డాక్ వైపు తిప్పగానే "చూశావురా, ఎంత క్లియర్‌గా ఉందో!" అంటారు. నాకైతే అది క్లియర్ కాదు, సౌండ్ ఎక్కువ, అంతే. కాస్త గట్టిగా వినిపించేదే బాగుందనుకోవడం చెవి నైజం.

డాక్‌లు, సీడీ ప్లేయర్లు సాధారణంగా ఫుల్ స్కేల్‌లో, అంటే డిజిటల్ గరిష్ఠ స్థాయిలో, 2 వోల్టుల దాకా ఇస్తాయి. ఇళ్లల్లో వాడే అనలాగ్ పరికరాల లైన్ లెవెల్ (పరికరాల మధ్య వెళ్లే సిగ్నల్ మామూలు స్థాయి) మైనస్ 10 డీబీవీ (1 వోల్టుతో పోల్చి డెసిబెళ్లలో చెప్పే కొలత), అంటే 0.316 వోల్టులు. అయితే ఈ రెండు అంకెల్నీ నేరుగా పోల్చకూడదు. డిజిటల్‌లో లెవెల్ మీటరు మీద సున్నా అంటే పైకప్పు, దాని మీదికి వెళ్తే శబ్దం చీలిపోతుంది. అనలాగ్‌లో సున్నా పైన ఇంకా కాస్త జాగా ఉంటుంది.

అందుకే మొన్న డాక్ నుంచే 100 హెర్ట్జ్ టోన్, వెనకాలే పాట, రికార్డ్ లెవెల్ కదపకుండా టేపులోకి ఎక్కించాం. స్పీకర్ టెర్మినల్స్ మీద మల్టీమీటర్ ఏసీలో పెట్టి డాక్ టోన్, టేపు టోన్ రెండూ చూస్తే డాక్‌ది దాదాపు రెట్టింపు, అంటే 6 డెసిబెళ్ల (డీబీ) తేడా. చవక మీటర్లు పై ఫ్రీక్వెన్సీల్లో తప్పు చూపిస్తాయి, అందుకే తక్కువ టోన్. రెండూ సమానమయ్యేలా, డాక్‌కి పాట పంపే ప్లేయర్ వాల్యూమ్ 6 డీబీ తగ్గించాం. 6 డీబీ అంటే దాదాపు ఒక బిట్; డిజిటల్ శబ్దాన్ని రాసే 24 బిట్లలో ఒక బిట్ పోతే పోయేదేమీ లేదు.

ఇప్పుడు తేడా చెప్పమంటే బాబాయి టేపు హిస్ (పాట వెనకాల వచ్చే 'స్స్' శబ్దం) కోసం చెవి రిక్కిస్తున్నారు.