గిడ్డింగ్స్ సంతకం చేరింది: ఐదో నెల

అమెరికా కాంగ్రెసు బానిసత్వంపై వాదించుకున్న కాలపు సంతకాలు సేకరించడం మొదలుపెట్టి ఐదు నెలలైంది. ఈ నెల వచ్చింది ఒక్క కాగితమే. కానీ మొదటి రోజు నుంచీ వెతుకుతున్నది అదే: ఒహాయో సభ్యుడు జాషువా గిడ్డింగ్స్ సంతకమున్న చిరునామా పత్రం.

ఆ రోజుల్లో కాంగ్రెసు సభ్యుడు ఉత్తరం పైమూలన సంతకం చేస్తే తపాలా రుసుము ఉండేది కాదు. అలాంటివి చాలా మిగిలాయి కాబట్టి జీతంతో బతికేవాళ్ళూ కొనగలరు. కవరు వాడకం అప్పటికి తక్కువ. కాగితాల లెక్కన రుసుము తీసుకునేవారు కనుక ఉత్తరాన్నే మడిచి, లక్కతో అంటించి, పైన చిరునామా రాసేవారు.

నాకు దొరికిన దానిలో లోపలి ఉత్తరం లేదు. వాషింగ్టన్ తపాలా ముద్రలో ఫిబ్రవరి ఉంది, సంవత్సరం లేదు. అందుకున్న వ్యక్తి మడతపై రాసుకున్న 1842 వల్ల కాలం తేలింది. సరిగ్గా మరుసటి నెల, క్రియోల్ ఓడలో తిరగబడిన బానిసల పక్షాన తీర్మానాలు పెట్టినందుకు సభ ఆయనను 125–69 ఓట్లతో అభిశంసించింది. ఆయన రాజీనామా చేసి, మళ్ళీ గెలిచి, మే నెలలో అదే సభకు వచ్చాడు. ఆ సంతకం చూస్తూ చాలాసేపు కూర్చుండిపోయాను.

కొనేముందు భూతద్దంతో చూడాల్సింది చిరుగుల అంచులు. నకిలీలు చేసేవారు కాగితం నిజంగా పాతదే తెస్తారు. పాత చిరుగులోకి సిరా పాకి ఉంటే, కాగితం చిరిగాకే రాశారని అర్థం. మాచికాయ, అన్నభేది కలిపిన సిరా ఏళ్ళు గడిచేకొద్దీ గోధుమరంగుకు తిరుగుతుంది, చిక్కగా పడ్డచోట కాగితాన్ని తినేస్తుంది. అందుకే పాలిస్టర్ తొడుగులో పెట్టి, ఆమ్లం లేని అట్టల మధ్య, వెలుతురు తగలని అరలో ఉంచాను. లామినేషన్, టేపు దగ్గరికి రానివ్వకూడదు. వివరాలు అట్టమీద పెన్సిలుతోనే రాయాలి.

రెండో నెలలో కొన్నది మాత్రం నన్ను ఇంకా బాధిస్తోంది. ఎవరో పత్రం నుంచి సంతకం ఒక్కటే కత్తిరించారు. ఎవరికి, ఎప్పుడు రాశారో ఇక తెలియదు. కత్తిరించినవి ఇక కొనను.

ఆండ్రూ జాక్సన్ భూమి పట్టాలు చూసేవారు తేదీ తప్పక గమనించండి. 1833 మార్చి చట్టం తర్వాతి పట్టాలపై అధ్యక్షుడి పేరు రాసింది కార్యదర్శి.

తరువాత జాన్ క్విన్సీ ఆడమ్స్. బానిసత్వ వ్యతిరేక అర్జీలను సభలో వినకుండా అడ్డుకున్న నియమంతో 1836 నుంచి 1844 దాకా పోరాడిన మనిషి. ఆ ఎనిమిదేళ్ళలోదే, అంచులు చెడని పత్రం కావాలి. నెలనెలా కొంత పక్కన పెడుతున్నాను.